అరిగిన ఛాసిస్‌కి మెరుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

రిమోట్‌తో నడిచే పాత బొమ్మ కార్ల లోహపు భాగాల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలివి. సగం మందికి పైగా ముందే ‘ఏ పాలిష్ కొనాలి?’ అన్నారు. పాలిష్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. చేతిలో ఉన్నది ఏ లోహం, దాని మీదున్న పొర ఏమిటి అన్నది తేలకుండా డబ్బా మూత తీయకండి.

ప్రశ్న: మా మామయ్య అమెరికా నుంచి తెచ్చిన అసోసియేటెడ్ ఆర్‌సీ10 కారు ఉంది. బంగారు రంగు ఛాసిస్ అడుగున గీసుకుపోయి తెల్లగా బయటపడింది. ఆ గీతల మీద గోల్డ్ స్ప్రే కొడితే కలిసిపోతుందా?
— వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: కలవదు. 1984లో వచ్చిన ఆర్‌సీ10 తొట్టి ఆకారపు ఛాసిస్ మీదున్న బంగారు రంగు పెయింటు కాదు. అల్యూమినియం పైభాగాన్నే కరెంటుతో ఆక్సైడుగా మార్చి, ఆ ఆక్సైడులో ఏర్పడే అతి సన్నని రంధ్రాల్లోకి రంగు ఎక్కించి, తర్వాత రంధ్రాలు మూసేస్తారు. దాన్నే అనోడైజింగ్ అంటారు. వెలుతురు ఆ పారదర్శకమైన పొరలోంచి వెళ్లి అడుగున ఉన్న లోహాన్ని తాకి తిరిగొస్తుంది. స్ప్రే పెయింటుకి ఆ లోతు లేదు. గీత పడ్డచోట కొడితే గోధుమరంగు మచ్చలా కనపడుతుంది, మొదటి పరుగులోనే ఊడిపోతుంది. అనోడైజింగ్‌కి అతుకు వేయడం కుదరదు. ఉంటే మొత్తం ఉండాలి, తీస్తే మొత్తం తీయాలి.

కారు ఇంకా తోలుతుంటే మా మాట: వదిలేయండి. బయటపడ్డ అల్యూమినియం తనంతట తాను పలచటి ఆక్సైడు కప్పుకుంటుంది, ఇనుములా తుప్పు పట్టి తినేయదు. గీతల అంచుల్లో లేచిన పొరకలను మాత్రం 600 నంబరు వాటర్ పేపరుతో, తడిపి, గీత వెంబడే రెండు మూడుసార్లు తీయండి. ఆ పొరకలే నేలకి తట్టుకుని పక్కనున్న బంగారు పొరను కూడా లేపుతాయి. పాత కార్లు సేకరించేవాళ్లు గీతలున్న అసలు పొరకే ఎక్కువ విలువ ఇస్తారు, కొత్తగా వేయించినదానికి కాదు.

మొత్తం తీయాల్సిందే అనుకుంటే కాస్టిక్ సోడా వాడండి. లీటరు నీళ్లకి 50 గ్రాములు. నీళ్లలో సోడా కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. ప్లాస్టిక్ టబ్బు గానీ స్టీలు గిన్నె గానీ వాడండి. ఇంట్లోని సత్తు గిన్నె తీశారో, ఛాసిస్‌తో పాటు గిన్నె కూడా కరుగుతుంది. రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పవు. పని ఆరుబయట చేయండి, వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

స్క్రూలు, బేరింగులు, ఇనుప ముక్కలు అన్నీ విప్పేసి, జిడ్డు పోయేలా సబ్బుతో కడిగి ముంచండి. ముందు రంగు వెలిసిపోతుంది. ఆక్సైడు పోయి లోహం తగలగానే బుడగలు ఒక్కసారిగా ఎక్కువవుతాయి. మన వాతావరణంలో ఒకటి నుంచి మూడు నిమిషాలు. బుడగలు పెరిగాయంటే పని అయిపోయినట్టే, వెంటనే బయటికి తీయాలి. ఇంకా తెల్లబడుతుందేమోనని ఉంచితే అసలు లోహం కరుగుతుంది, మరలు వదులవుతాయి, బేరింగు కూర్చునే గుంటలు పెద్దవవుతాయి. అలాంటి రంధ్రాలను ముందే రబ్బరు బిరడాలతో మూయండి. బయటికి తీశాక నల్లటి మసి కనపడితే భయపడొద్దు, మిశ్రమలోహంలోని రాగి, సిలికాన్ లాంటివి కరగకుండా పైన మిగిలిపోతాయి. సబ్బునీళ్లతో, పచ్చ స్క్రబ్బరుతో రుద్దితే చాలావరకు పోతుంది.

ప్రశ్న: ఆ తర్వాత ఇంట్లోనే అనోడైజ్ చేసేదానికి కుదురుతుందా? వీడియోల్లో చాలా తేలిగ్గా చేస్తున్నారు.
— ఒంగోలు

జవాబు: కుదురుతుంది. ఎండాకాలంలో మాత్రం మొదలుపెట్టకండి, కారణం కింద చెబుతాం.

ద్రావణం 15 నుంచి 20 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీల్లో పోసే ఆమ్లం సాంద్రత 1.25 ఉంటుంది. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక లీటరు ఆ ఆమ్లం పోస్తే దాదాపు 19 శాతం. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, ఎప్పటికీ నీళ్లను ఆమ్లంలో కాదు. 2013 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత అంగళ్లలో ఆమ్లం కొనాలంటే గుర్తింపు కార్డు చూపాలి, రిజిస్టరులో రాయించాలి, 18 ఏళ్లు నిండాలి. అంగడివాడు అడిగితే విసుక్కోకండి.

కరెంటు లెక్క ముఖ్యం. చదరపు డెసీమీటరుకి 1.3 ఆంపియర్లు. ఉదాహరణకి 25 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు ఉన్న పలక రెండు పక్కలా కలిపి 500 చదరపు సెంటీమీటర్లు, అంటే 5 చదరపు డెసీమీటర్లు. దానికి 6.5 ఆంపియర్లు కావాలి. తొట్టి ఛాసిస్ అయితే పక్క గోడల వైశాల్యం కూడా కలపండి. కరెంటును స్థిరంగా పట్టి ఉంచే పవర్ సప్లై ఉండాలి, వోల్టేజి 12–18 మధ్య దానంతట అదే సర్దుకుంటుంది. భాగాన్ని ప్లస్‌కి, సీసం రేకును మైనస్‌కి కలపండి. 35 నిమిషాలకి సుమారు 12–14 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర వస్తుంది, రంగు పట్టడానికి అది చాలు.

చెడేది ఎక్కువగా రెండుచోట్ల. మొదటిది తీగ. భాగాన్ని వేలాడదీసేది అల్యూమినియం తీగే అయివుండాలి, రాగి, ఇనుప తీగలు ఆమ్లంలో కరిగి పని చెడగొడతాయి. ఆ అల్యూమినియం తీగ కూడా భాగంలోకి గట్టిగా బిగిసి ఉండాలి. వదులుగా ఉంటే ముడి దగ్గర కూడా ఆక్సైడు పెరిగి కరెంటు ఆగిపోతుంది. మీటరులో ఆంపియర్లు ఉన్నట్టుండి పడిపోతే అదే కారణం. మళ్లీ బిగించి కొనసాగించబోతే రంగు మచ్చలుగా పడుతుంది, మొత్తం తీసి మొదటికి రావడమే.

రెండోది వేడి. ద్రావణం 20 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒంగోలులో మే నెల మధ్యాహ్నం టబ్బులో నీళ్లే 35 దాటి ఉంటాయి, పైగా కరెంటు పోతున్నకొద్దీ ఇంకా కాగుతుంది. వేడి ఆమ్లం ఒకపక్క పొర పెరుగుతుంటే ఇంకోపక్క దాన్ని కరిగించేస్తుంది. చివరికి వేలితో రుద్దితే సుద్దలా రాలే పొర మిగులుతుంది. టబ్బును ఐసు నీళ్ల పెద్ద తొట్టిలో ఉంచి, థర్మామీటరు వేసి, ద్రావణాన్ని కలుపుతూ ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చేసేవాళ్లకి ఈ తంటా సగం తగ్గుతుంది.

తీశాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆరనివ్వకుండానే రంగులో ముంచాలి. రంగునీళ్లు 50–60 డిగ్రీలు, 10–15 నిమిషాలు. అంతకన్నా వేడెక్కితే రంగు పట్టకముందే రంధ్రాలు మూసుకోవడం మొదలవుతుంది. తర్వాత మరుగుతున్న డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట ఉంచితే రంధ్రాలు మూసుకుని రంగు లోపల నిలుస్తుంది. ఇక్కడ బోరు నీళ్లు వాడితే పైన తెల్లటి పొడి పేరుకుంటుంది.

బంగారు రంగుకి పరిశ్రమల్లో ఫెర్రిక్ అమ్మోనియం ఆక్సలేట్ వాడతారు. అది ఎండకి వెలవదు. ఇంట్లో వాడే మామూలు అద్దకం రంగులు అంత కాలం నిలవవు, కారును కిటికీ పక్కన అద్దాల బీరువాలో పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా ఒక్క ఛాసిస్ కోసమైతే చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో జాబ్ వర్క్ చేసేవాళ్లకి ఇవ్వడం మేలు. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి: కాస్టిక్‌లో తక్కువసేపు ఉంచమని, క్లిప్పు ఎక్కడ పట్టాలో. క్లిప్పు పట్టినచోట రంగు పడదు. బ్యాటరీ కిందకి వచ్చే రంధ్రం చూపిస్తే ఆ మచ్చ కనపడదు.

వాడేసిన ఆమ్లాన్ని కాలవలో పోయకండి. బకెట్ నిండా నీళ్లలో కలిపి, పొంగు ఆగేదాకా వంట సోడా చల్లి, అప్పుడు పారబోయండి.

ప్రశ్న: టామియా శాండ్ స్కార్చర్, 1979 నాటిది. ముందు చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ చేతుల మీద తెల్లటి బూడిదలా లేచింది, కింద చిన్న చిన్న గుంటలు. అద్దంలా మెరిపించాలని ఉంది.
— కావలి

జవాబు: అద్దంలా వద్దు. ఆ భాగాలు డైకాస్ట్, అంటే కరిగిన లోహాన్ని అచ్చులోకి ఒత్తిడితో పోసినవి. కొత్తగా ఉన్నప్పుడే అవి మసకగా ఉండేవి. మెరిస్తే అసలు రూపం పోయినట్టే. ఇంకో కారణం కూడా ఉంది. అచ్చుకి తగిలిన పైతొక్క గట్టిగా, దట్టంగా గడ్డకడుతుంది, లోపలి లోహంలో సన్నని గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. మెరుపు కోసం ఆ తొక్కను అరగదీస్తే సూది బెజ్జాల్లాంటి చుక్కలు బయటపడతాయి. ఎంత రుద్దితే అన్ని కొత్త చుక్కలు. పాలిష్ నల్లగా వాటిలో ఇరుక్కుంటుంది.

ముందు లోహం తేల్చుకోండి, కంసాలి కాటా ఒకటి చాలు. భాగం బరువు రాసుకోండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. భాగాన్ని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే దాని ఘనపరిమాణం మిల్లీలీటర్లలో. బరువును దాంతో భాగించండి. 54 గ్రాముల ముక్కకి కాటా 20 చూపిస్తే 2.7, అది అల్యూమినియం. 6.6 దగ్గర వస్తే జింకు మిశ్రమం. 1.8 వస్తే మెగ్నీషియం, దాన్ని పొడిగా అరగదీయకండి, ఆ పొడి అంటుకుంటుంది. దారానికి, ముక్కకి బుడగలు అంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేయండి.

అల్యూమినియం, జింకు రెంటిలో ఏదైనా శుభ్రం చేసే పద్ధతి ఒకటే. కిరసనాయిలులో గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, సబ్బుతో కడగండి. మిగిలిన తెల్ల పొడిని ఇత్తడి తీగల బ్రష్షుతో తీయండి. ఇనుప బ్రష్షు వద్దు, దాని ముక్కలు ఇరుక్కుని తర్వాత ఎర్రటి చుక్కలుగా తుప్పు పడతాయి. చింతపండు, నిమ్మ ఉప్పు, వెనిగర్ ఇత్తడికీ ఇనుముకీ బాగానే పనిచేస్తాయి గానీ జింకుకి పనికిరావు, తుప్పుకన్నా ముందు ముక్కే కరుగుతుంది.

ఒకే రకం మసక రూపు రావాలంటే గాలి ఒత్తిడితో గాజు పూసలు కొట్టే బ్లాస్టింగ్ చేయించండి. ఆటోనగర్‌లో లారీ రిమ్ములకి వాడే గరుకు ఇసుక కొట్టనివ్వకండి, సస్పెన్షన్ చేతి మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు కూడా చెరిగిపోతాయి. సన్న గాజు పూసలు, 30–40 పీఎస్ఐ ఒత్తిడి దాటకుండా.

గుంటలు అరమిల్లీమీటరు లోపైతే అలాగే ఉండనివ్వండి. కన్ను వాటికి త్వరగా అలవాటు పడుతుంది. చేయి చివర, పిన్ను దూరే రంధ్రం దగ్గర గీతలా పగులు ఉంటే మాత్రం ఆ ముక్కను షోకేసుకే ఉంచండి. 2010లో టామియా ఈ కారును మళ్లీ విడుదల చేసింది. ఆ భాగాలు చాలావరకు పాతవాటికి సరిపోతాయి, తోలడానికి అవి బిగించుకోండి.

పెయింటు వేయాలంటే ఎర్ర ఆక్సైడు ప్రైమరు వద్దు. అది ఇనుముకి. అల్యూమినియానికి ఎచ్ ప్రైమరు (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునేది) గానీ రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు గానీ వాడాలి. జింకు మీద మామూలు ఎనామిల్ నేరుగా వేస్తే, పెయింటులోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొర అవుతుంది. కొన్నాళ్లకి మొత్తం పొరలు పొరలుగా లేచిపోతుంది. చాలామంది ‘పెయింటు నాసిరకం’ అని తిట్టుకునేది దీన్నే.

ప్రశ్న: మా యార్డులో గ్రానైట్ పాలిషింగ్‌కి వాడే డైమండ్ ప్యాడ్లు ఉన్నాయి. ఛాసిస్ పలకకి వాడొచ్చా?
— చీమకుర్తి

జవాబు: ప్యాడ్లు వద్దు, రాయి తీసుకోండి.

ఆ ప్యాడ్లు గట్టి రాతి కోసం చేసినవి. మెత్తటి అల్యూమినియం వాటి సందుల్లో నిండిపోయి, ప్యాడే ఆ లోహపు ముద్దలతో పలకను చీరుతుంది. గ్రైండరు వేగానికి సన్న పలక ఒకచోట కాగి వంగుతుంది కూడా. కానీ మెరుగు పెట్టిన గెలాక్సీ గ్రానైట్ తునక, ఒక అడుగు చదరం ఉన్నది, ఈ పనికి బంగారం. దాని మీద పలకను బోర్లా పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కండి. ఎక్కడైనా టక్కున ఆడితే అక్కడ వంపు ఉంది. సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల కట్ట) దూర్చి ఎంతో కొలవండి. అరమిల్లీమీటరు వంపును చెక్కల మధ్య బిగించి, కొంచెం ఎదురు వైపుకి దాటించి, వదిలి, మళ్లీ రాయి మీద చూసుకుంటూ సరిచేయొచ్చు. సుత్తితో కొడితే వంపు పోదు, పక్కకి జరుగుతుంది. ఒకసారి మడతపడి గీత కనపడేచోట తిరిగి వంచితే పగులుతుంది, ముట్టుకోకండి.

అదే రాయి మీద వాటర్ పేపరు పరిచి, నీళ్లు చల్లి, పలకను దాని మీద రుద్దండి. 400తో మొదలుపెట్టి 600, 800, 1000. ఒక్కో నంబరుకి దిశ మార్చండి. అడ్డంగా రుద్దుతుంటే ముందటి నిలువు గీతలు పూర్తిగా పోయాయో లేదో తెలుస్తుంది. అవి పోకుండా తర్వాతి నంబరుకి వెళ్తే చివర్లో పాలిష్ పెట్టాక తిరిగి పైకి తేలతాయి. గ్లాసు ఫైబరు పలకల్ని మాత్రం పొడిగా రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ప్రశ్న: గేట్లకి పౌడర్ కోటింగ్ చేసే షాపు ఉంది. ఛాసిస్ ఇస్తే చేస్తానంటున్నాడు. ఇవ్వనా?
— పొదిలి

జవాబు: చదును అల్యూమినియం పలక అయితే ఇవ్వొచ్చు. పొర 60–80 మైక్రాన్లు వస్తుంది, రెండు పక్కలా కలిపితే 0.16 మిల్లీమీటరు దాకా. బేరింగు గుంటలు, మరలున్న రంధ్రాలు సిలికాన్ బిరడాలతో మూయించండి, లేకపోతే తర్వాత ఏదీ దూరదు. పొయ్యి 180–200 డిగ్రీలు ఉంటుంది కాబట్టి నైలాన్ బుష్ ఒక్కటి మిగిలినా కరిగి కారుతుంది. డైకాస్ట్ ముక్కలు ఇవ్వకండి. లోపలి గాలి బుడగలు వేడికి ఉబ్బి పూతను పొక్కులుగా లేపుతాయి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున తోలాక కారు కడిగే పెడుతున్నాం. అయినా అల్యూమినియం మీద చుక్కలు పడుతున్నాయి, స్క్రూల చుట్టూ తెల్లటి వలయాలు.
— కొత్తపట్నం

జవాబు: ఏ నీళ్లతో కడుగుతున్నారో చూసుకోండి. తీరం వెంబడి చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పన. ఉప్పును ఉప్పుతో కడిగినట్టు అవుతుంది. ఆఖరి కడుగు వాన నీళ్లతో గానీ బ్యాటరీ అంగడిలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో గానీ చేయండి. ఒక లీటరు చాలు, స్ప్రే సీసాలో పోసి సందుల్లోకి కొట్టండి.

ఇక వలయాలు. ఉక్కు స్క్రూ, అల్యూమినియం, మధ్యలో ఉప్పు తడి: మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో తరిగేది అల్యూమినియం. కడగడం కన్నా ముఖ్యమైన పని, ఒకసారి స్క్రూలన్నీ విప్పి, మరల మీద సన్నగా గ్రీజు రాసి తిరిగి బిగించడం. స్టెయిన్‌లెస్ స్క్రూలు వేస్తే ఈ బాధ తీరుతుందని చాలామంది అనుకుంటారు. తీరదు. స్క్రూ తుప్పు పట్టదు, ఛాసిస్ మాత్రం అరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఇంటి దగ్గర లాకర్ క్లియర్ (రంగులేని పూత) కొడితే పాలు పోసినట్టు తెల్లబడింది. డబ్బా పాతదా?
— కందుకూరు

జవాబు: డబ్బా తప్పు కాదు, అక్టోబరు–డిసెంబరు మధ్య కొట్టి ఉంటారు. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే కదా. థిన్నరు ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద మంచులా పడి పూతలో చిక్కుతుంది. ముక్కను ఎండలో గోరువెచ్చగా చేసి, మధ్యాహ్నం పూట, నెమ్మదిగా ఆరే థిన్నరు కలిపి కొట్టండి. ఇప్పటికే తెల్లబడ్డదాని మీద అదే థిన్నరు పలచగా ఒక దుమ్ము పొరలా కొడితే తరచూ తేటపడుతుంది. రోహిణి కార్తెలో దీనికి తలకిందులు: చుక్క దారిలోనే ఆరిపోయి ముక్క గరుకుగా అవుతుంది. పొద్దున్నే కొట్టండి.

ప్రశ్న: పాత జపాన్ కారు స్క్రూలు విప్పుతుంటే తలలు అరిగిపోతున్నాయి. విరిగినవి కూడా ఉన్నాయి.
— ఆత్మకూరు

జవాబు: మీ చేతిలోది ఫిలిప్స్ స్క్రూడ్రైవరు అయివుంటుంది. చూడటానికి ఒకేలా ఉన్నా జపాన్ స్క్రూల ప్లస్ గాడి వేరు, దాన్ని జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) అంటారు. ఫిలిప్స్ మొన గాడి అడుగుదాకా దిగదు, జారి పైకి లేస్తూ అంచులు తినేస్తుంది. 3 మిల్లీమీటర్ల స్క్రూలకి జేఐఎస్ 2 నంబరు డ్రైవరు తెప్పించుకోండి. పనిలో సగం అక్కడే తీరుతుంది.

అల్యూమినియంలో బిగిసిపోయిన స్క్రూకి బలం పెట్టొద్దు. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఒక నిమిషం ఉంచి, చల్లారాక పెనిట్రేటింగ్ ఆయిలు ఒక చుక్క వేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ముందు బిగించే వైపుకి ఒక వెంట్రుకవాసి తిప్పి, తర్వాత విప్పండి. పక్కన ప్లాస్టిక్ ఉంటే ఐరన్ అసలు పెట్టకండి.

అమెరికా కార్లది ఇంకో పేచీ. ఆర్‌సీ10లో స్క్రూలు అంగుళాల కొలతవి. 4-40 అనే అంగుళాల స్క్రూ పోతే చాలామంది చేతికందిన ఎం3, అంటే 3 మిల్లీమీటర్ల స్క్రూ తిప్పుతారు. రెండు మూడు చుట్లు ఎక్కి బిగిసిపోతే సరిపోయిందనుకుంటారు. 4-40 వ్యాసం 2.84 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 0.635. ఎం3కి 3 మిల్లీమీటర్లు, 0.5. ఆ బిగువు స్క్రూ పట్టు కాదు, ఛాసిస్‌లోని మర చిరుగుతున్న బిగువు. ఇప్పటికే చిరిగి ఉంటే లేత్ షాపులో ఆ రంధ్రాన్ని 2.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో సరిచేసి ఎం3 ట్యాప్ కొట్టించండి, అంటే కొత్త మర కోయించండి. అసలు కొలత పోయినా పట్టు దక్కుతుంది. ఆ ఒక్క రంధ్రం పక్కన మార్కరుతో చుక్క పెట్టుకోండి, వచ్చే ఏడాది విప్పేటప్పుడు ఏ స్క్రూ ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.